ఎగిరే కుక్కర్‌లో గాలి పోతే...

'అల్పపీడనం' అంటే ఏమిటో ఉద్దానం వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ మాట చెవిన పడగానే తీరమంతా పడవలు ఒడ్డెక్కుతాయి. గాలి ఎటు తిరుగుతుందోనని పెద్దవాళ్లు ఆకాశం వంక చూస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దాని నడిబొడ్డున గాలి పీడనం దాదాపు 970 మిల్లీబార్లు. మామూలు రోజుల్లో సముద్రం ఒడ్డున ఉండేది 1,010కి అటూ ఇటూ. అంటే తగ్గింది నూటికి నాలుగు వంతులే! ఆ మాత్రం తేడాకే గంటకు 140-150 కిలోమీటర్ల గాలి పుట్టింది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు మొదలంటా కూలాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి.

ఇప్పుడు అదే తోటలో నిలబడి తల పైకెత్తి చూడండి. చెన్నై వైపు నుంచి కోల్‌కతా వైపు తెల్లటి గీత గీసుకుంటూ ఓ విమానం పోతోందనుకోండి. అది 35 వేల అడుగుల ఎత్తులో ఉంటే, దాని కిటికీ అవతల గాలి పీడనం సుమారు 240 మిల్లీబార్లు. నేల మీద ఉన్నదాంట్లో పావు వంతు కూడా లేదు. చలి సున్నాకి యాభై డిగ్రీల దిగువన. ఆ గాలికీ, లోపల కాఫీ తాగుతూ కూర్చున్న మనిషికీ మధ్య ఉన్నది పలచని అల్యూమినియం రేకు, దాని వెనక కొన్ని బద్దలు.

ఆ రేకుకి చిల్లు పడితే? పడకపోయినా లోపలికి గాలి నింపే ఏర్పాటు మొరాయిస్తే?

ఉద్దానంలో ఈ ప్రశ్నకి ఇప్పుడు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. పలాస ప్రాంతంలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన, తోటలు పోతాయని రైతుల ఆందోళన... 2025లో రెండూ గట్టిగానే వినిపించాయి. 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి పదవి కూడా ఈ జిల్లా మనిషికే, నిమ్మాడకు చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడికే దక్కింది. అంతకుముందు నుంచే పలాస, సోంపేట, కవిటి ఊళ్ల కుర్రాళ్లు పనుల కోసం గల్ఫ్ విమానాలెక్కుతున్నారు. ఎయిర్ హోస్టెస్ పసుపు మాస్కు చూపించి ఏదో చెబుతుంటే, ఆ మాటలేవో అర్థంకాక కిటికీలోంచి బయటికి చూసేవాళ్లే ఎక్కువ. నిజానికి వినాల్సింది అదే.

ఊటీ ఎక్కినట్టే!

వంటింట్లో కుక్కర్ ఉంది కదా. లోపల ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ. మూత చుట్టూ గ్యాస్కెట్. ఎక్కువైన ఆవిరిని వదలడానికి పైన వెయిట్. విమానం కూడా అచ్చంగా అలాంటిదే. చాలా విమానాల్లో ఇంజిన్ లోపల నొక్కిన గాలిలో కొంత తీసి, చల్లబరిచి, క్యాబిన్‌లోకి పంపుతారు. వెనకవైపు ఒక వాల్వు ఉంటుంది. అది కాస్త తెరుచుకుంటూ, కాస్త మూసుకుంటూ లోపలి ఒత్తిడిని అదుపులో పెడుతుంది. కుక్కర్ లోపల బయటకన్నా చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్లు ఎక్కువ ఒత్తిడి ఉంటే, పెద్ద జెట్ విమానంలో ఆ తేడా ఎనిమిది తొమ్మిది పౌండ్లు. కింగ్ ఎయిర్ 200 లాంటి చిన్న విమానంలో ఆరున్నర.

అయితే లోపల కూడా నేలమీది గాలి ఉండదు. అంత నింపితే రేకు బరువు పెంచాలి. అందుకని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండేంత పీడనంతో సరిపెడతారు. ఊటీ ఉన్నది ఏడు వేల అడుగుల పైన. కాబట్టి విమానం ఎక్కిన ప్రతివాళ్లూ గంటసేపు ఊటీలో కూర్చున్నట్టే లెక్క. పిల్లల చిప్స్ ప్యాకెట్ పూరీలా ఉబ్బడం, చెవులు దిబ్బడ వెయ్యడం అందుకే.

చిన్న విమానాలన్నీ కుక్కర్లు కావు. తెలుగువాళ్లకి చిన్న విమానం అనగానే 2004 ఏప్రిల్ 17న బెంగళూరు దగ్గర సౌందర్యను బలిగొన్న సెస్నా గుర్తొస్తుంది. బాలయోగి (2002), రాజశేఖరరెడ్డి (2009) ప్రయాణించిన హెలికాప్టర్లు గుర్తొస్తాయి. వాటి కథ వేరు. తక్కువ ఎత్తులో ఎగిరే వాటిలో గాలి నింపే ఏర్పాటే ఉండదు. సమస్యల్లా పాతిక ముప్పై వేల అడుగులు ఎక్కే ప్రైవేటు టర్బోప్రాప్‌లూ, బిజినెస్ జెట్‌లతోనే. బిందెకి చిల్లు పడితే ఖాళీ కావడానికి గంట పడుతుంది. అదే చిల్లు చెంబుకి పడితే? చిన్న విమానం చెంబు లాంటిది. పైగా చాలాసార్లు అందులో పైలట్ ఒక్కడే. అతను తడబడితే పక్కనుంచి గమనించేవాళ్లు ఉండరు.

నాలుగు గంటలు... ఎవరూ పలకలేదు

1999 అక్టోబరు 25. అమెరికాలో ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు పేన్ స్టువార్ట్ ఓర్లాండోలో లియర్‌జెట్ ఎక్కాడు. డల్లాస్ వెళ్లాలి. విమానంలో మొత్తం ఆరుగురు. బయల్దేరిన కాసేపటికే రేడియోలో పైలట్ల జవాబు ఆగిపోయింది. విమానం మాత్రం ఆగలేదు. ఆటోపైలట్ మీద తిన్నగా వాయవ్య దిశకి పోతూనే ఉంది. వైమానిక దళ విమానాలు వెంట వెళ్లి చూస్తే, కిటికీలకి లోపలివైపు మంచు పట్టి ఉంది. దాదాపు నాలుగు గంటలు టీవీల ముందు దేశమంతా చూస్తుండగా, ఇంధనం అయిపోయి సౌత్ డకోటా పొలాల్లో కూలిపోయింది. గాలి ఎందుకు పోయిందో దర్యాప్తు సంస్థ తేల్చలేకపోయింది. పైలట్లకు సమయానికి ఆక్సిజన్ అందలేదన్నది మాత్రం స్పష్టం.

మరుసటి ఏడాది సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో ఇంకొకటి. పెర్త్ నుంచి లియొనోరా అనే గనుల ఊరికి ఏడుగురు ప్రయాణికులతో కింగ్ ఎయిర్ బయల్దేరింది. పాతిక వేల అడుగులు దాటాక పైలట్ మాట ముద్దముద్దగా వచ్చింది. తర్వాత అదీ లేదు. దిగాల్సిన ఊరు దాటేసి, అయిదు గంటల పాటు ఖండం మీదుగా ఎగిరి, అవతలి కొసన క్వీన్స్‌లాండ్‌లోని బర్క్‌టౌన్ దగ్గర పడింది. పీడనం పడిపోతే ఆ విమానంలో దీపం వెలుగుతుందిగానీ గంట మోగదు. దీపాన్ని గమనించకపోతే? శబ్దంతో హెచ్చరించే ఏర్పాటు ఉండాలని అక్కడి దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది.

కల్లు తాగినట్టు

ఇంత జరుగుతున్నా మాస్కు ఎందుకు పెట్టుకోలేదు అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే. ఆక్సిజన్ తగ్గితే ఊపిరాడనట్టు ఉండదు. గొంతు పట్టుకుని గిలగిల్లాడరు. ఉక్కిరిబిక్కిరి చేసేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. ఎత్తులో అది మామూలుగానే బయటికి పోతుంది. కాబట్టి ఒంటికి ప్రమాదం తెలియదు. పైగా హాయిగా ఉంటుంది! రెండు ముంతల కల్లు పడినవాడు 'నాకేటయింది? నానే సైకిలు తొక్కుతాను' అంటాడు చూడండి, అదే ధీమా.

1875లో ఫ్రాన్సులో ముగ్గురు జెనిత్ అనే బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్ల దాకా వెళ్లారు. ఆక్సిజన్ సంచులు వెంటే ఉన్నాయి. చేతులు చాచి అందుకునే శక్తి మాత్రం లేకపోయింది. ఇద్దరు చనిపోయారు. బతికి బయటపడ్డ గాస్టన్ టిసాండియే తర్వాత రాసిన దాని సారం ఏమిటంటే, బాధే లేదు, లోలోపల ఆనందంగా ఉంది అని. అంతదూరం ఎందుకు? కరోనా రోజుల్లో వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 80 చూపిస్తుంటే ఫోన్లో కబుర్లు చెప్పినవాళ్లు ఎందరు లేరు! 'హ్యాపీ హైపాక్సియా' అని పేపర్లన్నీ రాసింది ఆ మాయ గురించే.

తెలివిగా పనిచెయ్యడానికి మనిషికి మిగిలే సమయాన్ని విమానయాన వైద్యులు లెక్కగట్టారు. 18 వేల అడుగుల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు. పాతిక వేల దగ్గర 3 నుంచి 5 నిమిషాలు. 30 వేల దగ్గర ఒకటి రెండు నిమిషాలు. 35 వేల దగ్గర అర నిమిషం నుంచి నిమిషం. 40 వేల అడుగుల్లో 15-20 సెకన్లు, అంతే. గాలి ఒక్కసారిగా పోతే ఇందులో సగమే అనుకోవచ్చు.

సముద్రంలో మునిగే మత్స్యకారుడు నిమిషంపైగా ఊపిరి బిగబడతాడు కదా, పైలట్‌కి ఆ మాత్రం చేతకాదా? కాదు. నీళ్లలో చుట్టూ ఒత్తిడి ఎక్కువ. ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ నెత్తురులోకే వెళుతుంది. అంతెత్తున గాలి పోతే వ్యవహారం తిరగబడుతుంది. నెత్తురులో ఉన్న ఆక్సిజనే ఊపిరితిత్తుల్లోకి వచ్చి బయటికి పోతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టడం దండగే కాదు, ప్రమాదం కూడా. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరగొచ్చు. నోరు తెరిచి వదిలెయ్యాలి.

మరి నిజామాబాద్ జిల్లా పిల్ల మలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లయినా నిండకుండానే 29 వేల అడుగుల ఎవరెస్ట్ ఎలా ఎక్కింది? కొండెక్కేవాళ్లు వారాల తరబడి ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒంటికి అలవాటు చేస్తారు. గాలి పోయిన విమానంలో మనిషి రెప్పపాటులో ఆ శిఖరం మీద ఉంటాడు.

ముందు మాస్కు, తర్వాతే మాట

పెద్ద చప్పుడు. చెవులు గుయ్‌మంటాయి. క్షణంలో క్యాబిన్ అంతా తెల్లటి పొగమంచు. అది నిప్పు పొగ కాదు, చల్లబడ్డ గాలిలోని తేమ. కాగితాలూ దుమ్మూ ఎగురుతాయి. పొట్టలో గ్యాస్ ఉబ్బుతుంది. ఇది ఒక్కసారిగా పోయినప్పటి సంగతి. భయంకరమే కానీ ఏం జరిగిందో అందరికీ తెలుస్తుంది. నిదానంగా కారిపోవడం అంతకన్నా ప్రమాదం. చప్పుడుండదు, మంచుండదు. హాయిగా నిద్రొస్తుంది.

ఏదైనా పైలట్ చెయ్యాల్సిన మొదటి పని ఒక్కటే, మాస్కు తగిలించుకోవడం. ఏమైందా అని మీటర్లు చూడటం, కంట్రోల్ రూముకి చెప్పడం అన్నీ దాని తర్వాతే. అందుకే బిజినెస్ జెట్‌లలో ఒక చేత్తో అయిదు సెకన్లలో పెట్టుకునే మాస్కులుంటాయి. నూటికి నూరుపాళ్లూ ఆక్సిజన్ వచ్చేలా మీట తిప్పాలి. మైకును మాస్కులోకి మార్చాలి. ఇది మర్చిపోతే మాట్లాడినా అవతలివాళ్లకి వినపడదు. ఆ తర్వాత ఇంజిన్ల జోరు తగ్గించి, ఒక పక్కకి వాల్చి, ముక్కు కిందికి దించి పది వేల అడుగులకి దిగిపోవాలి. ట్రాన్స్‌పాండర్‌లో 7700 నొక్కితే రాడార్ తెర మీద ఆపదలో ఉన్నట్టు కనిపిస్తుంది. రేడియోలో 'మేడే' అని మూడుసార్లు.

దిగడానికి అనుమతి కోసం ఆగక్కర్లేదు. ఈ సంగతి ఎంత ముఖ్యమో 2014 సెప్టెంబరు 5న తేలింది. న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఫ్లోరిడాకి ఓ వ్యాపారవేత్త భార్యతో కలిసి సొంత టీబీఎం 900 విమానంలో బయల్దేరాడు. అనుభవమున్న పైలటే. 28 వేల అడుగుల్లో మీటరేదో తేడాగా చూపిస్తోంది, 18 వేలకి దిగాలన్నాడు మర్యాదగా. ఆపద అన్న మాట వాడలేదు. కింద వేరే విమానాలుండటంతో కంట్రోలర్ ముందు పాతిక వేలకి దించి, దారి చేసి ఇంకా దిగమన్నాడు. సరేనన్నాడు, కానీ దిగలేదు. అప్పటికే మాట తేడాగా వస్తోంది. విమానం క్యూబా మీదుగా వెళ్లి జమైకా దగ్గర సముద్రంలో పడింది. మీటర్ తేడా చూడగానే మాస్కు పెట్టుకుని, దిగుతున్నానని చెప్పేసి ఉంటే?

ఇక్కడ ఉద్దానం పైలట్‌కి అనుకూలమే. పది వేల అడుగులకి దిగాలంటే కింద అంతకన్నా ఎత్తయిన కొండ ఉండకూడదు కదా. ఈ చుట్టుపక్కల పెద్దది మందస తోటల్లోంచి కూడా కనిపించే మహేంద్రగిరి. దాని ఎత్తు దాదాపు 1,500 మీటర్లు, అయిదు వేల అడుగుల లోపే. హిమాలయాల మీద ఆ వెసులుబాటు లేదు. అక్కడ దారి ముందే గీసుకుని ఎగరాలి.

ప్రయాణికుల పని ఇంకా తేలిక. పెద్ద విమానాల్లో లోపలి గాలి 14 వేల అడుగుల స్థాయికి పడగానే మాస్కులు వాటంతటవే జారతాయి. ఒకటి లాగి ముక్కూ నోరూ కప్పుకుని మామూలుగా పీల్చాలి. సంచి ఉబ్బలేదని కంగారుపడొద్దు, ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తుంది. కాస్త కాలిన వాసన రావచ్చు. పైన ఉండే డబ్బాలో రసాయనం వేడెక్కి ఆక్సిజన్ తయారవుతుంది మరి. అది వచ్చేది పావుగంట లోపే. విమానం కిందికి దిగడానికి అది చాలు. ముందు తమకి, తర్వాతే పిల్లలకి. ఏ తల్లికీ రుచించని మాట ఇది. బిడ్డకి పెట్టబోయి తల్లి స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కుండదు. తల్లి పెట్టుకుంటే, ఈలోగా బిడ్డ సోలిపోయినా వెంటనే తేరుకుంటుంది.

స్విచ్చు మర్చిపోతే...

చిల్లులే పడక్కర్లేదు. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ బయల్దేరిన హీలియోస్ బోయింగ్‌లో, అంతకుముందు తనిఖీ చేసినవాళ్లు పీడనం స్విచ్చును 'మాన్యువల్'లో వదిలేశారు. పైలట్లు గమనించలేదు. హెచ్చరిక మోగింది. నేల మీద ఇంకో లోపానికి మోగేదీ అదే శబ్దం కావడంతో పొరబడ్డారు. 121 మంది పోయారు. చివర్లో ఒక ఫ్లైట్ అటెండెంట్ చిన్న సిలిండర్ సాయంతో కాక్‌పిట్‌లోకి వెళ్లడం పక్కన ఎగురుతున్న యుద్ధవిమానం పైలట్ చూశాడు. అప్పటికి ఇంధనం అయిపోతోంది.

మన దగ్గర 2018 సెప్టెంబరు 20న ముంబయి-జైపూర్ జెట్ ఎయిర్‌వేస్ విమానంలోనూ గాలి నింపే స్విచ్చులు వెయ్యడం మరిచారు. 166 మంది ప్రయాణికుల్లో ముప్పై మందికి పైగా ముక్కుల నుంచి, చెవుల నుంచి రక్తం వచ్చింది. మాస్కులు జారాయి. వెనక్కి తిప్పి ముంబయిలో దించేశారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

ఉద్దానానికి సంబంధించి ఇంకోమాట. కిడ్నీ జబ్బు ముదిరితే రక్తహీనత తోడవుతుంది. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువున్నవాళ్లకి చిల్లులూ స్విచ్చులూ అక్కర్లేదు, మామూలు ప్రయాణంలోని ఆ 'ఊటీ గాలే' ఆయాసం తెప్పించొచ్చు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు పైచదువుల పిల్లల్ని చూడ్డానికో, వైద్యానికో విమానం ఎక్కాల్సివస్తే, టికెట్ కొనకముందే రక్తపరీక్ష కాగితంతో డాక్టర్ని అడగాలి. అవసరమైతే విమానంలో ఆక్సిజన్ కోసం ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పుకోవాలి.

మనుషులు మర్చిపోతారు కాబట్టి యంత్రాలకి నేర్పుతున్నారు. కొత్త చిన్న విమానాల్లో పీడనం పోయి, పైలట్ ఉలుకూ పలుకూ లేకపోతే ఆటోపైలటే కిందికి దించేస్తుంది. ఇంకో అడుగు ముందుకేసి, దగ్గర్లోని రన్‌వేని వెతుక్కుని దిగే ఆటోల్యాండ్ కూడా వచ్చింది. 2025 డిసెంబరులో అమెరికాలోని కొలరాడోలో కింగ్ ఎయిర్‌లో గాలి పోయింది. ఇద్దరు పైలట్లూ మాస్కులు పెట్టుకున్నారు. ఈలోగా ఆటోల్యాండ్ పని మొదలెట్టింది. వాళ్లు దాన్ని ఆపలేదు. విమానం తనంతట తనే దిగింది. విదేశాల్లో సొంత విమానాలు నడిపేవాళ్లు చాలామంది జేబులో ఆక్సీమీటర్ కూడా పెట్టుకుంటున్నారు. పలాస మందుల షాపులో దొరికేలాంటిదే!

మన వైమానిక దళం వాళ్లకయితే బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ అనుభవం ముందే చూపిస్తారు. గదిలో కూర్చోబెట్టి గాలి పలచన చేస్తారు. మత్తు ఎలా మొదలవుతుందో ఎవరికి వాళ్లు తెలుసుకోవాలి. ఒకరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఒకరికి చూపు మసకేస్తుంది, ఇంకొకరికి ఊరికే నవ్వొస్తుంది.

అదే తర్ఫీదు నేల మీద ఉన్నవాళ్లకీ పనికొస్తుందని 2008 జులైలో తెలిసింది. అమెరికాలో ఓ సరుకుల లియర్‌జెట్ 32 వేల అడుగుల్లో ఉంది. ఎత్తు అదుపులో లేదు, వేగం అదుపులో లేదు, దిశా అదుపులో లేదు అని పైలట్ తాగినవాడిలా సాగదీస్తూ చెప్పి, మిగతాదంతా బ్రహ్మాండంగా ఉందన్నాడు. క్లీవ్‌లాండ్ కేంద్రంలో కంట్రోలర్లకి అర్థమైపోయింది. దిగగలవా, దిగు, పదకొండు వేలకి దిగు అని విడవకుండా చెబుతూనే ఉన్నారు. విమానం నెమ్మదిగా దిగడం మొదలెట్టింది. దిగినకొద్దీ ఆ గొంతులో సాగదీత తగ్గింది. పదకొండు వేల దగ్గర మామూలు మనిషిలా జవాబిచ్చాడు. కాసేపటికి ఇద్దరు పైలట్లూ మిషిగన్‌లో క్షేమంగా దిగారు.